రిటైర్మెంట్ లెక్కలో ఇంటి అద్దె ఉందా?

దాచుకున్నది చాలుతుందా అనే దిగులు అన్ని దేశాల ఉద్యోగులకూ ఉంది. కొలబద్దే దేశానికొకటి.

జపాన్‌లో అది 2 కోట్ల యెన్‌లు. 2019లో అక్కడి ప్రభుత్వ ఆర్థిక సేవల సంస్థ నివేదిక ప్రకారం, పని మానేసిన వృద్ధ దంపతుల ఖర్చు ఆదాయం కంటే నెలకు సగటున సుమారు 55 వేల యెన్‌లు ఎక్కువ. ముప్పై ఏళ్లకు అది 1.98 కోట్లు. దేశమంతా గగ్గోలెత్తింది, ఆర్థికమంత్రి ఆ నివేదికను స్వీకరించనే లేదు. కానీ అసలు చూడాల్సింది ఇంకొకటి: ఆ ఖర్చులో ఇంటికి పడింది నెలకు 14 వేల యెన్‌ల లోపే. సర్వేలోని దంపతుల్లో ఎక్కువమందికి సొంతిల్లు ఉంది. అద్దెకుండేవాళ్లకు ఆ 2 కోట్లు ఏ మూలకూ రావు.

బ్రిటన్‌లో పెన్షన్ సంస్థల సంఘం కనీస, మధ్యస్థ, సౌకర్య జీవనాలకు ఏడాదికెంత కావాలో చెబుతుంది. అందులోనూ అద్దె, ఇంటి అప్పు కలపరు. ఆస్ట్రేలియాలో అందరూ చూసుకునే సౌకర్య ప్రమాణమూ సొంతిల్లు ఉందనుకునే లెక్కే. సింగపూర్‌దే నిజాయితీ గల పద్ధతి అంటాను. 2025లో 55 నిండినవారు సీపీఎఫ్‌లో, అంటే అక్కడి తప్పనిసరి రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, ఉంచాల్సిన పూర్తి మొత్తం 2,13,000 సింగపూర్ డాలర్లు. 95 ఏళ్ల వయసు దాకా లీజు మిగిలిన ఇల్లుంటే, దాన్ని హామీగా చూపి సగం ఉంచితే చాలు. ఇంటి విలువేమిటో లెక్కలోనే కనిపిస్తుంది.

మీ లెక్క మీరే వేసుకోండి. ఇప్పటి నెల ఖర్చు రాసి, ఉద్యోగంతో పోయేవి తీసేసి, వైద్యం, అద్దె కలపండి. జీవితాంతం వచ్చే పెన్షన్ తీసేయండి. మిగిలిన లోటును 12తో, తర్వాత 25తో గుణించండి. నెలకు 20 వేల లోటైతే 60 లక్షలు. ఈ 25 అమెరికాలో 1994లో విలియం బెంగెన్ చెప్పిన నాలుగు శాతం సూత్రం నుంచి వచ్చింది: మొదటి ఏడాది నిధిలో 4 శాతం, అంటే 25వ వంతు, తీసుకుని, ఆపైన ధరలతోపాటు పెంచుకుంటూ 30 ఏళ్లు వాడుకోవచ్చని. అది అమెరికా షేర్లు, బాండ్ల చరిత్ర మీద వేసిన లెక్క. అందులో పన్నులూ ఫండ్ రుసుములూ లేవు. ముందుగా ఉద్యోగం మానేస్తే 30తో గుణించడం మేలు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ: నిధి ఇరవై ఏళ్ల తర్వాత ఎంతవుతుందో చూస్తారు, ఖర్చు మాత్రం ఈనాటి ధరల్లో రాస్తారు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపు. పై 60 లక్షలు అప్పటికి 1.2 కోట్లు.