వీస్‌బాడెన్ కోఖ్‌బ్రున్నెన్: ఆ ఎర్ర గార మురికి కాదు

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఎస్1 రైలెక్కితే ముప్పావుగంటలో వీస్‌బాడెన్ మెయిన్ స్టేషన్‌లో దిగుతారు. 1906లో తెరిచిన స్టేషన్ అది. అక్కడి నుంచి విల్‌హెల్మ్‌స్ట్రాసె మీదుగా ఉత్తరానికి రెండు కిలోమీటర్లు నడిస్తే కోఖ్‌బ్రున్నెన్ వస్తుంది. 15 ఊటలు కలిసిన చోటు. రోజుకు సుమారు 5 లక్షల లీటర్ల వేడినీళ్ళు పైకొస్తాయి.

పేరుకు ‘ఉడికే ఊట’ అని అర్థమే గానీ నీళ్ళు మరగవు, వేడి 66 డిగ్రీలే.

చౌక్‌లో 1970 నాటి గ్రానైట్ ఫౌంటెన్ ఉంది. దాని మీద ఇటుక రంగులో, అట్లు పేర్చినట్టు పొరలుపొరలుగా గార కట్టి ఉంటుంది. శుభ్రం చేయక అలా ఉందనుకుంటారు చాలామంది. బోరునీళ్ళకు బకెట్ అంచున ఎర్ర చారలు పడటం చూశాం కదా, ఇదీ అలాంటిదే. భూమి లోపల గాలి తగలనంతసేపూ ఇనుము నీళ్ళలో కరిగే ఉంటుంది. బయటికి రాగానే ఆక్సిజన్ తగిలి తుప్పుగా మారుతుంది. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి సున్నం విడిపోతుంది. రెండూ కలిసి రాయిలా గట్టిపడతాయి. ఈ నీళ్ళు పారే గొట్టంలో ఎక్కడైనా గాలి దూరిందంటే ఇదే గార లోపల కట్టి దారి ఇరుకైపోతుంది.

ఊటల అంచున రాయి కడుతోందని 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. తోడిన నీళ్ళు మూడు రోజులు వేడిగా ఉంటాయన్న ఆయన మాట నమ్మలేం గానీ, రాయి మాట అక్షరాలా నిజం. ఆ గారను గీకి చేతిలోకి తీసుకోకండి. నీళ్ళలోని ఆర్సెనిక్ అనే విషం ఇనుముతోపాటు అందులోనే చేరుతుంది.

తాగాలంటే పక్కనున్న చిన్న మండపంలోకి వెళ్ళాలి, కుళాయిలు అక్కడున్నాయి. నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఉడికించిన గుడ్డు వాసన కొద్దిగా వస్తుంది. లీటరుకు దాదాపు 8 గ్రాముల లవణాలు, అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పే. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసుతో ఒకటిన్నర గ్రాములు లోపలికి పోయినట్టే. ఆర్సెనిక్ వల్ల రోజుకు లీటరు దాటకూడదంటారు. రుచి చూడ్డానికి అరగ్లాసు చాలు. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు అదీ మానేయడం మంచిది.

పలచటి ప్లాస్టిక్ కప్పు వేడికి మెత్తబడి చేతిలోంచి జారుతుంది, స్టీలు గ్లాసైతే చెయ్యి కాలుతుంది. పిడి ఉన్న కప్పు తీసుకెళ్ళండి. సీసాలో పట్టి ఇంటికి తెచ్చుకుంటే మాత్రం తేటగా ఉన్న నీళ్ళు పసుపు తిరిగి, అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది.