రోజూ షట్‌డౌన్ చేస్తున్నా కదా, మరి అప్‌టైమ్ 41 రోజులేంటి?

మా ఇంట్లో ఉన్నది పాత డెస్క్‌టాప్, విండోస్ 10, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే రకం హార్డ్ డిస్క్. ఆన్ చేసి స్నానం చేసొచ్చినా ఇంకా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి, తీరా బ్రౌజర్ మీద క్లిక్ చేస్తే ఏమీ రాదు, పడలేదేమో అని ఇంకోసారి నొక్కితే కాసేపటికి రెండు విండోలూ ఒకేసారి వచ్చి కూర్చునేవి. పైసా ఖర్చు పెట్టకుండానే దీని స్పీడ్ పెంచాలని ముందే అనుకున్నా.

మొదట చేసింది మాత్రం తెలివితక్కువ పనే. ఒక్క క్లిక్‌తో స్పీడ్ పెంచుతాం అనే ఫ్రీ క్లీనర్ ఒకటి ఎక్కించా, అది రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) వందల ఎర్రర్లు ఉన్నాయని ఎర్రగా చూపించి బాగుచేయాలంటే డబ్బు కట్టమంది, పైగా తనే స్టార్టప్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే తెరుచుకునే ప్రోగ్రామ్‌ల లిస్ట్‌లో, చేరిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. అది చాలదన్నట్టు ఎవరో చెప్పారని ప్రీఫెచ్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేశా, తర్వాత రెండు మూడు రోజులు ఇంకా మెల్లగా లేచింది. ఏ ప్రోగ్రామ్‌కి ఏ ఫైళ్ళు కావాలో విండోస్ అందులో రాసిపెట్టుకుంటుందట, నేను చెరిపేస్తే పాపం మళ్ళీ మొదటి నుంచి రాసుకుంది.

అప్పుడు బుద్ధి వచ్చి, అసలు ఎవరు తింటున్నారో చూద్దామని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచా. సీపీయూ పది శాతం దగ్గర ఖాళీగా ఉంది, డిస్క్ మాత్రం 100%. అంటే ప్రాసెసర్ తప్పేం లేదు, డిస్క్ నుంచి ఫైల్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. డిస్క్ ఊరికే 100% చూపిస్తుంటే అది పాడైపోతూ కూడా ఉండొచ్చు కాబట్టి ఫోటోలన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నా. తర్వాత డిస్క్ కాలమ్ మీద నొక్కి చూస్తే పైన రెండు యాంటీవైరస్‌లు, ఒకటి ఎప్పుడో ట్రయల్ అయిపోయింది, ఇంకోటి తమ్ముడు వేసింది. ఏ ఫైల్ ముట్టుకున్నా ఇద్దరూ విడివిడిగా తనిఖీ చేస్తున్నారన్నమాట. రెండూ తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనంతట తనే ఆన్ అయింది, అది చాలు. ఆ క్లీనర్‌ని కూడా అప్పుడే సాగనంపా.

స్టార్టప్ ట్యాబ్‌లో 14 ఉన్నాయి, సౌండ్‌ది, సెక్యూరిటీది ఉంచి మిగతావి డిసేబుల్ చేశా. డిసేబుల్ అంటే ప్రోగ్రామ్ పోదు, కావాలంటే మనం క్లిక్ చేసి తెరుచుకోవచ్చు, పిలవకుండా రాదు అంతే.

నాకు నిజంగా షాక్ ఇచ్చింది అప్‌టైమ్, అంటే విండోస్ కొత్తగా మొదలై ఎంతసేపైందో చూపించే లెక్క. రీస్టార్ట్ కొట్టకముందే పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద చూశా, 41 రోజులు! రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటున్నా కదా అని తవ్వితే తేలింది, విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రామ్‌లు మూసేస్తుంది కానీ విండోస్ లోపలి భాగాన్ని అలాగే డిస్క్‌లో దాచి పొద్దున్నే తిరిగి తెస్తుంది, లోపల ఏదైనా ఇరుక్కుపోయి ఉంటే అదీ దానితో పాటే వస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. ఆఫ్ చేయొచ్చు గానీ మాలాంటి హార్డ్ డిస్క్‌కి బూట్ ఇంకా లేటవుతుంది, అందుకే ఉంచేసి వారానికోసారి రీస్టార్ట్ కొడుతున్నా.

సి డ్రైవ్‌లో 6 జీబీయే మిగిలింది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కి వెళ్ళి తుడిచా, ఆ లిస్ట్‌లోనే డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, చూసుకోకుండా టిక్ పెడితే అన్నీ పోతాయి జాగ్రత్త. రాత్రి డీఫ్రాగ్ పెట్టి పడుకున్నా, అంటే డిస్క్ మీద ముక్కలుగా పడున్న ఫైళ్ళని ఒకచోట సర్దడం (తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ డిస్క్ ఉన్నవాళ్ళకి ఈ పని అక్కర్లేదు). యానిమేషన్లు ఆపితే పెద్ద తేడా ఏం తెలియలేదు, అక్షరాలు మాత్రం గరుకుగా అయిపోతే ఫాంట్ల టిక్ ఒకటి మళ్ళీ పెట్టా.

ఇక బ్రౌజర్. నాన్న ట్యాబ్‌లు మూయరు. 37 ఉన్నాయి, 4 జీబీ ర్యామ్ మీద. ర్యామ్ నిండితే విండోస్ మిగతాది డిస్క్ మీదకి తోస్తుంది, ఆ డిస్క్ సంగతి తెలిసిందే. మూసేద్దాం నాన్నా అంటే “మూసేస్తే మళ్ళీ ఎక్కడ వెతకనురా” అన్నారు. అన్నీ ఒక ఫోల్డర్‌లో బుక్‌మార్క్ చేసి, వాడని ఎక్స్‌టెన్షన్లు ఏడు తీసేశా.

ఇంతకుముందు పని మొదలుపెట్టడానికి ఏడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు రెండున్నర. కొత్త కంప్యూటర్‌లా అయిపోయింది అని చెప్పను, హార్డ్ డిస్క్ హార్డ్ డిస్కే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, దీనికి 11 ఎక్కదు, అందుకే విండోస్ బదులు వాడుకునే ఫ్రీ సిస్టమ్ లినక్స్ మింట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూస్తున్నా, సౌండ్, వైఫై వచ్చాయి, ప్రింటర్ ఇంకా చూడాలి.

నాన్న ట్యాబ్‌లు నిన్నటికి మళ్ళీ 19 అయ్యాయి.