అమ్మమ్మ మాటలు ఎడిటింగ్‌లో పోయాయి

"అది నీ స్టోరీ అమ్మా, మా స్టోరీ కాదు" అంది మా పాప. లాప్‌టాప్ మీంచి తల కూడా ఎత్తలేదు. హుద్‌హుద్ తుఫాను గురించి అమ్మమ్మ చెప్పిన క్లిప్ మొత్తం స్కూల్ సినిమా ఎడిటింగ్‌లో తీసేశారు వాళ్ళ గ్రూప్ పిల్లలు, ఒక్క ముక్క కూడా ఉంచలేదు. అప్పటికప్పుడు నాకేం అనాలో తెలీలేదు, కానీ ఆ మాట రెండ్రోజులుగా బుర్రలోనే తిరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

విషయం ఏంటంటే, మేముండే సింగపూర్‌లో, స్కూల్లో సెకండరీ టూ (మన ఎనిమిదో తరగతి లాంటిది) వాళ్ళకి గ్రూప్ ప్రాజెక్ట్ కింద షార్ట్ ఫిల్మ్ ఇచ్చారు. గ్రూపుకి నలుగురు, ఐదు నిమిషాలు దాటకూడదు, టాపిక్ ఎదురుచూడటం. వీళ్ళ గ్రూపులో ఒక చైనీస్ అమ్మాయి, ఒక మలయ్ అమ్మాయి, ఒక తమిళ అబ్బాయి, మా పాప. కథ మలయ్ అమ్మాయి రాసింది: ఊళ్ళో ఉన్న అమ్మమ్మ వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటుంది, మనవరాలు తర్వాత విందాంలే అని వదిలేస్తుంటుంది. అంతే కథ. జూన్ సెలవులకి మేం ఎలాగూ వైజాగ్ వెళ్తున్నాం కాబట్టి అమ్మమ్మ పార్ట్ అక్కడే తీసుకురమ్మని వాళ్ళలో వాళ్ళే తేల్చేసుకున్నారు.

నాకైతే ఎంత సంతోషమైందో చెప్పలేను. మా పాపకి స్కూల్లో మదర్ టంగ్ సబ్జెక్ట్ హిందీ, ఎందుకంటే అక్కడ ఎంచుకోవడానికి ఇచ్చే భాషల్లో తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, మన తెలుగు లేదు. ఇన్నేళ్ళ చదువులో దాని తెలుగుకి స్కూల్లో పని పడటం ఇదే మొదలు. ఫ్లైట్‌లోనే నేను సినిమాలో చూపించాల్సిన చోట్ల లిస్టు రాసేశా. కైలాసగిరి మీంచి బీచ్ రోడ్డు వంపు, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ (1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, మరుసటి ఏడాది మ్యూజియం అయింది, చిన్నపిల్లలకి కూడా చెప్పగలిగిన కథ), సింహాచలం మెట్లు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. మా పాప లిస్టు చదివి ఫోన్ నాకిచ్చేసింది. "టూరిస్ట్ వీడియో అయిపోతుందమ్మా, మా గ్రూప్ ఒప్పుకోదు." మా ఊళ్ళో ఏది చూపించాలో సింగపూర్‌లో కూర్చున్న ముగ్గురు పిల్లలు చెప్తారా అని నాకు ఉక్రోషం వచ్చింది, వచ్చిందనే రాస్తున్నా.

వాళ్ళకి కావలసింది ఒక్కటే, తెల్లవారుజామున సముద్రంలోకి వెళ్తున్న బోటు. సరే అని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళాం. అక్కడ ఒక్క మరబోటు కూడా కదలట్లేదు, అన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టేసి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం కదా, ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది తెలుసు, చెప్పాను కూడా, కానీ మా పాప తన కళ్ళతో చూడాలంది. మా రిటర్న్ టికెట్ 14కి ముందే. పోనీ పైనుంచి డ్రోన్ షాట్ దొరుకుతుందా అని సింగపూర్ నుంచి గ్రూప్ పిల్లలు అడిగారు, ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, మన ఇష్టానికి డ్రోన్లు ఎగరేస్తే కుదరదని నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మా పాప కాసేపు అలాగే నిలబడి, కట్టేసిన బోట్లనే చాలాసేపు తీసి గ్రూపుకి పంపించింది. వాళ్ళు తెగ సంబరపడ్డారు. టాపిక్కే ఎదురుచూపు కదా, ఆగిపోయిన బోట్లకంటే ఏం కావాలి అన్నారు. నా కైలాసగిరి కంటే అదే బాగుందని ఇప్పుడు సినిమా చూశాక నాకూ అనిపిస్తోంది.

అక్కడ ఒకాయన బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల అంచు తగిలించి లాగిపట్టుకుని, చిరిగిన చోట నైలాన్ దారంతో కన్నుకి కన్ను కలుపుతూ, చేతివైపు చూడకుండానే ముడి వేస్తున్నాడు. ఆయన చేతులు తీయాలని మా పాపకి. సినిమాలో కనిపించే ప్రతి మనిషితోనూ సంతకం పెట్టించుకోవాలని స్కూల్ వాళ్ళు ఇంగ్లీషులో ఒక ఫారం ఇచ్చారు. నేను ముందుకెళ్ళి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మీ చేతులు వీడియో తీస్తాను, మొహం కాదు, మా స్కూల్‌కి చూపిస్తాం, మీకు ఇష్టం లేకపోతే తియ్యను" అని తనే చెప్పింది, ఒక్కో మాటా వెతుక్కుంటూ. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని అడిగాడు. దానికి అర్థం కాలేదు, నా వైపు చూసింది. నేను చెప్పలేదు. మళ్ళీ ఆయనే "ఏ ఊరే మీది?" అన్నాడు. కాసేపు ఆగి "అమ్మమ్మది ఎంవీపీ కాలనీ" అంది. ఆయనకి అది సరిపోయింది, సంతకం పెట్టాడు.

ఇంక ఇంట్లో షూటింగ్. సౌండ్ చూసుకునే తమిళ అబ్బాయి చాలా పట్టుదల మనిషి, ప్రతి చోటా అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉన్న నిశ్శబ్దం కూడా రికార్డ్ చేసి పంపాలని చెప్పాడట, ఎడిటింగ్‌లో అతుకులు తెలియకుండా కింద పరవడానికి. ఫ్యాన్ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ తీసేసి, కిటికీ తలుపులు మూసి, జూన్ నెల వైజాగ్ ఉక్కలో అందరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. సరిగ్గా ఆ అర నిమిషం లోపల అమ్మ "అయిపోయిందేటి?" అనేది. మా పాప విసుక్కోలేదు. "అమ్మమ్మా, నువ్వు కిటికీ వైపు చూడు, నన్ను చూడొద్దు, చేతులు కదపకు, మళ్ళీ చెప్పు" అని వరసగా తెలుగులోనే చెప్తూ పోయింది. ఆదివారం ఆదివారం నేను కూర్చోబెట్టి గుణింతాలు రాయిస్తే ఇంత వాక్యం ఎప్పుడూ రాలేదు దాని నోట్లోంచి. ఎవరైనా నన్ను అడిగితే ఇదొక్కటి మాత్రం చెప్తాను, పిల్లల్ని ఊరికి తీసుకొచ్చినప్పుడు చూపించడానికి కాకుండా ఏదో ఒక పని పెట్టుకుని రండి, ఆ పని ఇక్కడి మనుషులు లేకుండా జరగనిదై ఉండాలి.

అసలు చిక్కు డైలాగ్ దగ్గర వచ్చింది. స్క్రిప్టులో అమ్మమ్మ "నువ్వెందుకు నాకు ఫోన్ చెయ్యవు?" అని అడగాలి. మా అమ్మ అననంది. "నేనలా ఎందుకడుగుతానే? దాని చదువులు దానికుంటాయి. తిన్నావేటే గుంటా అంటాను, పడుకున్నావేటి అంటాను, అంతే." యాక్టింగే కదమ్మా అని నేనంటే, యాక్టింగైనా సరే మనవరాల్ని నిలదీసినట్టు నా నోటితో నేను అనను అంది. మా పాప గ్రూపుకి మెసేజ్ పెట్టింది, వాళ్ళలో వాళ్ళకి రాత్రి దాకా పెద్ద చర్చ, చివరికి ఫిర్యాదు డైలాగ్ తీసేసి తిన్నావేటే ఒప్పుకున్నారు. మలయ్ అమ్మాయి వాళ్ళ నానమ్మ కూడా అచ్చం అలాగే తిన్నావా అనే అడుగుతుందట.

సరే, ఎవరి కోసమైనా బాగా ఎదురుచూసింది ఎప్పుడో చెప్పమ్మమ్మా, మాట్లాడుతుంటే నీ మొహం తీసుకుంటాను అంది మా పాప. అమ్మ మొదలుపెట్టింది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ మా ఊరి మీదే తీరం దాటిన రోజు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, ఎయిర్‌పోర్టు దెబ్బతిని విమానాలు ఆగిపోయాయి, పాలకీ నీళ్ళకీ జనం బారులు తీరారు. నేనప్పుడు సింగపూర్‌లో మా పాపని చంకనేసుకుని కలవని ఫోన్ మళ్ళీ మళ్ళీ కలుపుతూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఆ రోజులు నావే అనుకున్నాను. వైజాగ్‌లో ఏం జరిగిందో మొన్న విన్నాను. నాన్న ఉషోదయా జంక్షన్‌లో జనరేటర్ ఉన్న షాపు దగ్గర ఫోన్ ఛార్జింగ్ పెట్టించుకుని, సిగ్నల్ వస్తుందేమోనని మేడెక్కి, ఆ ఫోన్ చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడేవారట. పెరట్లో వేపచెట్టు గోడ మీద పడినప్పుడు ఆయన ముంజేతికి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయట. "దానికి చెప్పకు, చంటిపిల్లతో ఉంది అన్నారు మీ తాతయ్య, నేనూ చెప్పలేదు" అంది అమ్మ, కెమెరా వైపు కాదు, కిటికీ వైపే చూస్తూ, మా పాప చెప్పినట్టే. నాన్న ఇప్పుడు లేరు. ఆ మచ్చ ఆయన చేతి మీద నేను చూశాను, గేటు గీరుకుందని చెప్తే నమ్మాను.

ఆ క్లిప్ తీసేశారు. కారణం వాళ్ళకుంది, ఎడిటింగ్ చేసే చైనీస్ అమ్మాయి కొలత పెట్టుకుని చూసిందట, ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు అదే అయిపోతోంది, తుఫాను గురించి తెలియని వాళ్ళకి ముందు అది విప్పి చెప్పాలి, వీళ్ళ కథలో అమ్మాయికి చోటుండదు. నలుగురూ ఓటేసుకున్నారు. మా పాప కూడా తీసేయమనే ఓటేసింది. నలుగురిలో ఉన్నప్పుడు నలుగురి మాట వినాలని దానికి చిన్నప్పట్నుంచి చెప్పింది నేనే, ఇప్పుడు ఈ ఒక్క విషయంలో ఆ ముగ్గురినీ కాదనవే అని దాని వెంటపడుతున్నదీ నేనే. రెండూ నిజంగానే అంటున్నాను. ఒక్క నిమిషమైనా ఉంచమని మళ్ళీ అడుగుతాను, ఇంకా టైముంది.

కానీ అది అన్న మాటలో తప్పేదో నాకు దొరకట్లేదు. ఆ ఎదురుచూపు నాదీ మా అమ్మదీ నాన్నదీ, అప్పుడు దానికి ఊహ కూడా తెలీదు. మరి దాని కథ ఏది? ఫారం పట్టుకుని వల బాగుచేసే ఆయన ముందు మాటలు వెతుక్కున్నదేమో. పని పెట్టుకుని రండి అని పైన అంత గట్టిగా చెప్పాను గానీ, ఆ పని అయిపోయాక ఏం మిగులుతుందో నాకు తెలీదు, ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ మళ్ళీ ఇంగ్లీషే. వచ్చే ఏడాది స్కూల్ వాళ్ళు ఇంకే ప్రాజెక్ట్ ఇస్తారో, దానికి మా ఊరు కావాలో వద్దో.

ఇప్పుడు ఇంకో పని పడింది. సినిమాలో మనవరాలి గొంతు అంతా ఇంగ్లీషు, అమ్మకి అర్థం కాదు, తెలుగు సబ్‌టైటిల్స్ వేసి పంపమంది. మా పాపకి తెలుగు టైపింగ్ రాదు, అది తెలుగులో చెప్తే నేను టైపు చేయాలి, శనివారం కూర్చుంటున్నాం. నా మాటలు ఉంచారా అని అమ్మ రోజూ అడుగుతోంది, ఆ సంగతి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు అంది మా పాప. సబ్‌టైటిల్స్ నిన్న కొంచెం చెప్పి చూసింది, "నేను వింటాను తర్వాత, ఇప్పుడు కాదు నాకు టైము" అని. దిద్దకు, అలాగే వెయ్యి, అత్తయ్యగారికి అర్థమవుతుంది అంటున్నారు మా ఆయన. నేను మాత్రం దిద్దుదామనే ఉన్నాను.