కాంగ్ యాట్సే-2: అలిపిరి మెట్ల నుంచి 6,250 మీటర్ల దాకా

లద్దాఖ్‌లో 6,000 మీటర్లు దాటిన కొండ ఎక్కాలనుకునేవాళ్ళు ఒకప్పుడు ఎక్కువగా స్టోక్ కాంగ్రీకి వెళ్ళేవాళ్ళు. జనం తాకిడికి కొండ పాడవుతోందని, కింద ఊరికి నీళ్ళిచ్చే మంచు తరిగిపోతోందని 2020లో దాన్ని మూసేశారు. ఆ తర్వాత ట్రెక్కర్ల చూపు కాంగ్ యాట్సే-2 మీద పడింది. మార్ఖా లోయ చివర, హెమిస్ నేషనల్ పార్క్‌లో ఉంటుంది. ఎత్తు 6,250 మీటర్లు. పక్కనే ఉన్న కాంగ్ యాట్సే-1 6,400 మీటర్లు, అది బాగా అనుభవం ఉన్న పర్వతారోహకులకే. రెండోది మాత్రం మంచి గైడ్ ఉంటే, కాళ్ళలో సత్తువ ఉంటే, అంతకుముందు కాస్త మంచులో నడిచిన అలవాటు ఉంటే మామూలు మనిషి కూడా ఎక్కగలడు. ఈ ఆగస్టులో ఎక్కి వచ్చాను. మొదటినుంచీ రాసుకున్న నోట్స్ మనవైపు నుంచి వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయని వివరంగా పెడుతున్నా.

ముందుగా ఒక మాట. దీనికి రెండు దారులున్నాయి. షాంగ్ సుమ్‌దో నుంచి కొంగ్మారు లా అనే కనుమ దాటి గబగబా బేస్‌క్యాంప్ చేరే పొట్టి దారి ఒకటి, స్కియు నుంచి మార్ఖా లోయంతా నడుచుకుంటూ వెళ్ళే పొడుగు దారి ఇంకొకటి. పొట్టి దారికి సెలవులు, డబ్బులు రెండూ కలిసొస్తాయి. అయినా మైదానాల్లో పుట్టి పెరిగిన మనలాంటివాళ్ళు పొడుగు దారే పట్టాలి. అంత ఎత్తులో మనల్ని గట్టెక్కించేది కాళ్ళకన్నా ముందు, అక్కడ నిద్రపోయిన రాత్రులు.

ఫిబ్రవరి నుంచి జూలై

ఉండేది తిరుపతిలో కాబట్టి ప్రాక్టీసుకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా మెట్లు ఊపిరి తీసేస్తాయి. తర్వాత చాలా దూరం చదునుగా సాగి, ఇక అయిపోయింది అనుకునేసరికి మోకాళ్ళ పర్వతం ఎదురొస్తుంది. ఒళ్ళు అలిసిపోయాక మళ్ళీ నిలువునా ఎక్కాల్సి రావడం, శిఖరం రోజుకు కావలసిన తర్ఫీదు సరిగ్గా ఇదే. అది దేవుడి దారి కనుక అందరిలాగే చెప్పుల్లేకుండా ఎక్కేవాణ్ణి. చీలమండలు గట్టిపడటానికి అదీ మంచిదే అయింది. బ్యాగులో నీళ్ళ సీసాలు పెట్టుకుని 4 కిలోలతో మొదలుపెట్టి జూన్ నాటికి 10 కిలోలకు వచ్చాను.

దిగడానికి మాత్రం బస్సు. బరువుతో ఆ రాతి మెట్లు దిగితే మోకాళ్ళు అరిగిపోతాయి. దిగడం ప్రాక్టీసు, కొత్త బూట్లు కాళ్ళకు అలవాటు చేసుకోవడం, రెండూ చంద్రగిరి చుట్టుపక్కల రాళ్ళ గుట్టల మీద కానిచ్చా. మిగతా రోజుల్లో తెల్లవారుజామున నెమ్మదిగా పరుగు, పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంలోనే. దమ్ము పెరగాలంటే ఈ నెమ్మది పరుగే ముఖ్యం.

తాళ్ళ పని నేర్చుకోవడానికి భువనగిరి వెళ్ళాను. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ అమ్మాయి తొలి పాఠాలు నేర్చుకున్నది ఈ గుట్ట మీదే. హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టే పట్టీ) కట్టుకోవడం, కారాబినర్ (తాడుకు తగిలించే లోహపు కొక్కెం) లాక్ వేయడం, జూమర్ (తాడును పట్టుకుని పైకి మాత్రమే జరిగే పట్టు) తాడు మీద జరుపుకుంటూ ఎక్కడం ఇక్కడ ఎండలో చేతులకు అలవాటైతేనే అక్కడ రాత్రి చలిలో మందపాటి గ్లవ్స్ వేసుకుని చేయగలం. మంచులో నడక కిందటి చలికాలం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌లో కొంత తెలిసింది.

లేహ్

లేహ్ 3,500 మీటర్లు. విమానంలో వెళ్తే ఒంటికి ఏం జరుగుతోందో తెలిసేలోపే ఆ ఎత్తులో దిగిపోతాం. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. మొదటి రెండు రోజులు గది, డాబా, మళ్ళీ గది, అంతే. దిగిన రోజు సాయంత్రం ఆక్సీమీటర్‌లో రక్తంలో ఆక్సిజన్ 84 శాతం చూపించింది, కణతల దగ్గర సన్నగా నొప్పి. మూడో రోజుకు 90కి వచ్చింది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు ముందుజాగ్రత్తగా వాడే డయామాక్స్ మాత్ర మా డాక్టర్‌ని అడిగి 125 మిల్లీగ్రాముల చొప్పున పొద్దున, రాత్రి వేసుకున్నా. సల్ఫా మందులు పడనివాళ్ళు ఈ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. అది వేసుకుంటే వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ పాస్‌కి వెళ్ళాల్సొస్తుంది. కంగారు పడక్కర్లేదు.

మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. లోయలోకి దిగాక అదీ చాలాచోట్ల పలకదు. ఏటీఎంలు లేహ్‌లోనే చూసుకోవాలి. 6,000 మీటర్లు దాటిన శిఖరం కాబట్టి ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి కావాలి. అది ఏజెన్సీవాళ్ళే తెస్తారు కానీ, కాగితం మీద మన పేరు ఉందో లేదో మనమే చూసుకోవాలి.

స్నో బూట్లు, క్రాంపాన్లు (మంచులో జారకుండా బూట్ల కింద బిగించే ఇనుప పళ్ళు) లేహ్ బజార్‌లో అద్దెకు తీసుకున్నా. బూటు రెండు జతల సాక్స్‌తో వేసుకుని ముందు కొసతో నేలను తన్ని చూడాలి, బొటనవేలు బూటుకు తగిలితే ఒక సైజు పెద్దది అడగాలి. దిగేటప్పుడు గోళ్ళు నల్లబడేది అక్కడే. క్రాంపాన్ బూటుకు బిగించి, పట్టీ కట్టకుండా ఎత్తి ఊపండి. ఊడి పడితే ఆ జత మీకు సరిపోదు.

మార్ఖా లోయ

పూర్వం చిల్లింగ్ దగ్గర జాంస్కార్ నదిని తాడుకు వేలాడే పెట్టెలో కూర్చుని దాటేవాళ్ళట, ఇప్పుడు వంతెన మీదుగా బండి స్కియు దాకా వెళ్తుంది. అక్కడినుంచి మార్ఖా ఊరు, ఉమ్లుంగ్, హంకర్. ఎత్తు మెల్లగా పెరుగుతుంది, నడక కష్టం కాదు. ఎండే కష్టం. ఎడారి కదా, మధ్యాహ్నం చొక్కా తీసేయాలనిపిస్తుంది, మబ్బు అడ్డొచ్చిందంటే జాకెట్ వెతుక్కోవాలి. పొద్దున తొందరగా బయల్దేరితే వాగులు దాటడం తేలిక, మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి. వాగుల కోసం వెనక పట్టీ ఉన్న శాండల్స్ ఉండాలి.

దారిలో పాత పారాచూట్ గుడ్డతో వేసిన టీ గుడారాలుంటాయి. నడిపేది ఎక్కువగా ఊరి ఆడవాళ్ళే. వెన్న వేసిన ఉప్పు టీ మొదటి గ్లాసు కొత్తగా ఉంటుంది, రెండో రోజు నుంచి నేనే అడిగి తాగా. ఉప్పు, కొవ్వు, వేడి, ఒంటికి అక్కడ కావలసినవి మూడూ అందులో ఉన్నాయి. మణి గోడలు (బౌద్ధ మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు) వచ్చినచోట వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, గుడికి ప్రదక్షిణ చేసినట్టే.

ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. మా వంటాయన రోజూ వేడివేడిగా పప్పు, అన్నం వండినా గొంతు దిగేది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ, కందిపొడి అక్కడ ఆదుకున్నాయి. టెంట్‌లో అందరూ నా సీసా కోసం చెయ్యి చాపేవాళ్ళే. జేబులో పల్లీ చిక్కీ, నువ్వులుండలు. ఎనర్జీ బార్లు చలికి రాయిలా గట్టిపడితే ఉండలు మాత్రం పళ్ళకు లొంగాయి.

నిమలింగ్, బేస్‌క్యాంప్

నిమలింగ్ దాదాపు 4,800 మీటర్ల దగ్గర ఉన్న పెద్ద పచ్చిక మైదానం. ఎండాకాలం ఊళ్ళవాళ్ళు గొర్రెలు, మేకలు, యాక్‌లను అక్కడికి తోలుకొస్తారు. బొరియల ముందు మార్మాట్లు (పెద్ద ఉడుతల్లాంటి జంతువులు) వెనక కాళ్ళ మీద నిలబడి ఈల వేస్తుంటాయి. కాంగ్ యాట్సే మంచు గోడ ఎదురుగా ఆకాశంలో సగం ఆక్రమించి కనిపిస్తుంది.

మా గుంపులో గుంటూరు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. నాకన్నా గట్టి మనిషి, మారథాన్లు పరిగెత్తాడు. నిమలింగ్‌లో రెండో పూట ఆయన తలనొప్పి మాత్రకు తగ్గలేదు, వాంతి అయింది. మా గైడ్ లద్దాఖీ మనిషి, ఎక్కువ మాట్లాడడు. నేల మీద కర్రతో గీత గీసి, మడమకు వేలు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాడు. నాలుగో అడుగులో అన్న పక్కకు తూలాడు, అంటే ఎత్తు జబ్బు ముదురుతోందన్నమాట. గైడ్ ఇంకేమీ అడగలేదు. "భయ్యా, నీచే జానా హై, అభీ," (కిందికి వెళ్ళాలి, ఇప్పుడే) అన్నాడు. అన్న బతిమాలాడు, రాత్రికి తగ్గుతుందన్నాడు. పావుగంటలో గుర్రం సిద్ధమైంది.

ఇక్కడ ఒక సంగతి మ్యాపు చూస్తే తప్ప తట్టదు. నిమలింగ్ నుంచి రోడ్డుకు దగ్గర దారి కొంగ్మారు లా మీదుగా, అంటే ఇంకో 400 మీటర్లు పైకి ఎక్కాలి. జబ్బుపడిన మనిషిని పైకి తీసుకెళ్ళకూడదు. అందుకే సహాయకుణ్ణి ఇచ్చి వెనక్కి, హంకర్ వైపు దింపారు. దూరం ఎక్కువే, కానీ ప్రతి అడుగూ కిందికే. చీకటి పడేసరికి హంకర్‌లో అన్నకు తల తేలికపడిందని తర్వాత తెలిసింది. ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు టెంట్లు, తిండి గురించి కాదు, ఇలాంటి రాత్రి మనిషిని దింపడానికి అదనంగా ఒక మనిషి, ఒక గుర్రం ఉంటాయా అని అడగండి. నేను కట్టింది లేహ్ నుంచి లేహ్ దాకా 60 వేలకు అటూ ఇటూగా. ఆ రాత్రి చూశాక అందులో ఒక్క రూపాయి కూడా ఎక్కువనిపించలేదు.

బేస్‌క్యాంప్ 5,100 మీటర్లు. అక్కడ నీళ్ళు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. ఒక రోజంతా మంచు మీద శిక్షణ. పడితే వెంటనే బోర్లా తిరిగి, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) మొనను రొమ్ము కింద మంచులో గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేయాలి. క్రాంపాన్లున్న పాదాలు మాత్రం పైకి ఎత్తి పట్టుకోవాలి, లేదంటే వాటి పళ్ళు మంచులో దిగబడి మనిషి పల్టీ కొడతాడు. ఇది ఆలోచించకుండా జరిగేదాకా చేయించాడు గైడ్.

శిఖరం

రాత్రి పదకొండున్నరకు కదిలాం. మధ్యాహ్నానికి మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది, రాళ్ళు జారతాయి, అందుకే రాత్రి నడక. నీళ్ళ సీసా బ్యాగులో తలకిందులుగా పెట్టుకోవాలి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళుగానే ఉంటాయి. పైపుతో తాగే సంచులు ఇక్కడ దండగ. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో, నడిచేటప్పుడు లోపలి జేబులో.

మొదటి సగం రాళ్ళు, కంకర. సుమారు 5,700 దగ్గర మంచు మొదలవుతుంది. అక్కడ క్రాంపాన్లు కట్టుకుని, అందరం ఒకే తాడుకు తగులుకున్నాం. అక్కడినుంచి ఒకటే వాలు, పైకి పోయేకొద్దీ నిటారు. వెనక కాలు మోకాలి దగ్గర బిగించి, బరువంతా ఆ కాలి ఎముక మీదకు వదిలి, ఒక నిండు ఊపిరి, ఆపై ముందు కాలు. కండకు అరక్షణం విశ్రాంతి. ఇదే లెక్క గంటల తరబడి. గైడ్ వేగం చూస్తే ఇంత నెమ్మదైతే ఎప్పటికి చేరతాం అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి ఆయన ఆగింది చాలా తక్కువ. మమ్మల్ని దాటి చకచకా వెళ్ళిన ఇంకో జట్టును 6,000 దగ్గర కలిశాం, వాళ్ళు ఐస్ యాక్స్‌ల మీద వాలిపోయి ఉన్నారు.

తొమ్మిదింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం. ఐదు దాటాక తూర్పు తేరి, మంచు మీద నీలం వెలుగు పరుచుకుంది. వేళ్ళు మొద్దుబారిపోయి కారాబినర్ తెరవడానికి మూడుసార్లు నొక్కాల్సొచ్చింది. భువనగిరిలో కళ్ళు మూసుకుని చేసిన పనే, అయినా సరే. ఏడు నలభైకి వాలు అయిపోయింది. పైన ఇరుకైన మంచు గట్టు, ప్రార్థనా జెండాలు. పక్కనే కాంగ్ యాట్సే-1, మధ్యలో కత్తి అంచులాంటి గట్టు. ఉత్తరాన కారకోరం, దక్షిణాన జాంస్కార్ కొండలు ఒకదాని వెనక ఒకటి. ఏడుపొచ్చింది. గైడ్ భుజం తట్టి, కళ్ళద్దాలు తీయొద్దన్నాడు. ఆ ఎండలో అరగంట చాలు, రాత్రికి కళ్ళు మండిపోతాయి. కేటగిరీ 4 (బాగా ముదురు రంగు) అద్దాలే కొనండి, ఫ్యాషన్ కూలింగ్ గ్లాసెస్ వద్దు.

పది నిమిషాలున్నామేమో. దిగుడు ఎక్కుడుకన్నా జాగ్రత్తగా చేయాల్సిన పని. మడమ గట్టిగా వేసి, తాడు బిగువు చూసుకుంటూ, మధ్యాహ్నానికి బేస్‌క్యాంప్.

కొంగ్మారు లా, ఆ తర్వాత

మర్నాడు 5,200 మీటర్లు దాటిన ఆ కనుమ ఎక్కుతుంటే ఊపిరి ఇబ్బందే పెట్టలేదు. లోయలో గడిపిన రాత్రుల చలవ అది. అవతలి వైపు చొగ్దో దాకా ఇరుకు గండిలో పొడుగాటి దిగుడు, చంద్రగిరి గుట్టల ప్రాక్టీసంతా అక్కడ అక్కరకొచ్చింది. వాకింగ్ పోల్స్ రెండూ ఉండాలి, ఒకటి చాలదు.

మళ్ళీ వెళ్తే మూడో జత థర్మల్స్, రెండో పవర్ బ్యాంక్ ఇంట్లోనే వదిలేస్తా. లోపలి పల్చటి గ్లవ్స్ మాత్రం ఇంకో జత పెట్టుకుంటా, తడిస్తే అక్కడ ఆరవు. సన్‌స్క్రీన్ ముక్కు రంధ్రాల కింద, గడ్డం కింద కూడా రాయాలి. మంచు మీద ఎండ కిందినుంచి కూడా కొడుతుంది.

ఇప్పుడు ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్‌లో 28 రోజుల బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టే పనిలో ఉన్నా. సీట్లు చాలా ముందే నిండిపోతాయి, కాబట్టి ఆసక్తి ఉన్నవాళ్ళు డాక్టర్ సర్టిఫికెట్, సెలవు సంగతి ఇప్పటినుంచే చూసుకోండి.