కరెంటు బిల్లును టబ్బుల్లో లెక్కేస్తే

గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్లలో పెరిగిన మాలాంటి వాళ్లకు కరెంటు బిల్లు అంటే ఏమిటో చాలా ఆలస్యంగా తెలిసింది. మా క్వార్టర్‌కు మీటరు లేదు. ఎండాకాలం కూలర్ రాత్రంతా తిరిగేది, చలికాలం హీటర్ మీద నీళ్లు కాగేవి, వరండాలో బల్బు ఆర్పాలని ఎవరికీ తోచేది కాదు. బొగ్గు మనది, కరెంటు మనది అన్న ధీమా. బాపు రిటైరై సొంత ఇల్లు కట్టుకున్నాక మొదటి మే నెల బిల్లు వచ్చినప్పుడు అమ్మ నమ్మలేక నాతో మళ్లీ మళ్లీ చదివించింది.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. క్లాసులో కిలోవాట్లు, యూనిట్లు అంటే పిల్లలు ఆవలిస్తారు. అదే బొగ్గులో చెబితే చటుక్కున పట్టుకుంటారు, వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు బాయికి, అంటే బొగ్గు గనికి, పోయినవాళ్లే కదా. మన బొగ్గుతో నడిచే ప్లాంటులో ఒక యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు ముప్పావు కిలో బొగ్గు కాలాలి. నెలకు 250 యూనిట్లు వాడే ఇల్లు దాదాపు 190 కిలోలు కాల్చినట్టు. టబ్బు అంటే గనిలో బొగ్గు నింపి పట్టాల మీద లాగే చిన్న బండి. టబ్బుకు ఒక టన్ను వేసుకున్నా, ఐదు నెలలు దాటేసరికి ఒక టబ్బు ఖాళీ.

బాపు రెండో ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలు దారిలో దిగే భూగర్భ గనిలో, కోల్ ఫిల్లర్‌గా చేశాడు. తట్టా చెమ్మస్‌తో (బుట్ట, పారతో) టబ్బులు నింపడమే పని. తర్వాత లోడింగ్‌కు మిషన్లు వచ్చాయి, ఆ పనే లేకుండా పోయింది. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. బొగ్గు మాత్రం అప్పటికంటే ఎన్నో రెట్లు వస్తోంది, ఏటా 7 కోట్ల టన్నుల దాకా.

"బొగ్గు ఒడిసిపోతదట గదా" అని చౌరస్తాలో చాయ్ తాగుతూ అడిగేవాళ్లు చాలామంది. అయిపోలేదు. ప్రాణహిత, గోదావరి వెంట 350 కిలోమీటర్ల పొడవునా బొగ్గుపొర ఉంది. కాని అందుబాటులో ఉన్నది ముందు తీసేశారు, మిగిలినది లోతుకు పోయింది. భూగర్భ గనిలో టన్ను తీయడానికి అయ్యే ఖర్చు, అమ్మితే వచ్చే ధర కంటే ఎక్కువ. అందుకే ఇప్పుడు ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే, అంటే పైనుంచి తవ్వే గనుల నుంచే, వస్తోంది. అక్కడ ఒక టన్ను బొగ్గు కోసం దాదాపు ఆరు ఘనపు మీటర్ల మట్టి, రాయి ఎత్తి పక్కన పోయాలి. మా చుట్టూ లేచిన ఆ మట్టి గుట్టలే దీనికి సాక్ష్యం. సింగరేణి 2025లో ఒడిశాకు పోయి నైనీ గనిలో తవ్వకం మొదలుపెట్టింది. ఇంటి పెరట్లో కావలసినంత ఉంటే అంత దూరం ఎందుకు పోతారు?

ఇక సోలార్ సంగతి. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు 2022లో పూర్తయింది. 500 ఎకరాల నీళ్ల మీద పలకలు పరిచారు. దానివల్ల ఏటా 1,65,000 టన్నుల బొగ్గు మిగులుతుందని లెక్క. వినడానికి చాలా పెద్ద అంకె. కాని 7 కోట్లను 365తో భాగించి చూడండి, సింగరేణి ఒక్క రోజులో తీసేదానికంటే అది తక్కువ.

మా ఇంటి మీద కూడా మూడు కిలోవాట్లు పెట్టించాం, కేంద్రం సబ్సిడీ 78,000 వచ్చింది. సగటున రోజుకు పది, పన్నెండు యూనిట్లు ఇస్తుంది. ఏడాదికి మూడు టన్నుల బొగ్గు ఆదా అని గొప్పగా చెబితే బాపు నవ్వాడు. "మూడు టబ్బులా బిడ్డా? నేనూ నా జోడీ ఒక్క షిఫ్టుల నింపేటోళ్లం."

ఆ మాటకు కాసేపు ముఖం చిన్నబోయింది గాని, నా పట్టింపు వేరే చోట ఉంది. మా వీధిలోనే ఒకాయన సోలార్ పెట్టించి, బిల్లు సున్నా వచ్చిందని రెండో ఏసీ కొన్నాడు. పగలు గ్రిడ్‌కు ఇచ్చినదంతా రాత్రి తిరిగి లాగుతాడు. రాత్రి సూర్యుడు లేడు, ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. కాగితం మీద సున్నా, పొయ్యిలో సున్నా కాదు. ఇది మళ్లీ మా పాత క్వార్టర్ బుద్ధే. లెక్క కళ్లకు కనబడకపోతే మనిషి స్విచ్ ఆర్పడు.

పంపుసెట్లదీ ఇదే కథ. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వడం మొదలైంది. అంతకుముందు ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం పెట్టుకున్న ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును వాటంతట అవే నడిపేవి) చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. మడి నిండినా మోటరు తిరుగుతూనే ఉంటుంది. ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పుకుంటూ తిరిగారు. రైతుకు ఉచితం వద్దని నేను అనను. మా మేనమామ సుల్తానాబాద్ దగ్గర వరి వేస్తాడు, ఆయన కష్టం నాకు తెలుసు. డబ్బు అడగకుండానే మీటరు పెట్టి, నెలకు ఎంత వాడావో ఒక చీటీ ఇస్తే చాలు. మా మామకు ఈ మాట చెబితే "ఇయ్యాల మీటరు, రేపు బిల్లు" అన్నాడు. ఆయన భయం ఉత్తదేనని చెప్పే ధైర్యం నాకూ లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ట్యాంకు నింపడం, బట్టల మిషన్, గ్రైండర్ అన్నీ ఎండ బాగా ఉండే పదకొండు నుంచి మూడు గంటల లోపే. అమ్మ సాయంత్రం పప్పు రుబ్బడం మానేసింది, అదీ సణుగుతూనే. పెట్రోలు స్కూటర్ మార్చి కరెంటుది తీసుకున్నాం. బొగ్గు కరెంటుతో ఎక్కించినా యూనిట్‌కు ముప్పై కిలోమీటర్ల దాకా పోతుంది, విదేశాల నుంచి తెచ్చే చమురు అంతమేర తగ్గుతుంది.

డబ్బులు తక్కువుంటే సోలార్ కంటే ముందు ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 నుంచి 35 వాట్లు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు అర యూనిట్ మిగులుతుంది. కొనేటప్పుడు స్టార్లతో పాటు డబ్బా మీద రాసిన వాట్ల అంకె కూడా చూడండి. రిమోట్ పోతే రెగ్యులేటర్‌తో పనిచేయని మోడళ్లున్నాయి, అది కూడా అడిగి తెలుసుకోండి. మా అమ్మ రిమోట్‌ను ఇప్పటికే బియ్యం డబ్బాలో దాచింది.