ముడి ఇనుము దారిలో అరకు

2025 దసరా సెలవుల్లో విశాఖ స్టేషన్‌లో కిరండూల్ పాసింజర్ ఎక్కితే, బోగీలో తెలుగు కన్నా బెంగాలీయే ఎక్కువ వినబడింది. అద్దాల బోగీలో మాకు టికెట్లు దొరకలేదు. మామూలు బోగీలో మా ఎదురుగా కోల్‌కతా కుటుంబం, ఒళ్ళో మరమరాల పొట్లాలు. ఈ ఏడు థాయ్‌లాండ్ వెళ్దామనుకున్నారట. డాలరు 88 రూపాయలు దాటేసరికి లెక్క కుదరక ఇటొచ్చామని పెద్దాయన హిందీలో చెప్పాడు. ఆయన మొహంలో చింతేమీ లేదు, పొట్లం మా వైపు చాపాడు కూడా.

బొడ్డవర దాటాక కొండ ఎక్కుడు మొదలైంది. శివలింగపురంలో క్రాసింగ్ కోసం బండి ఆపేశారు. పైనుంచి ఖనిజం నింపుకున్న గూడ్సు దిగుతోంది. వ్యాగన్ల అంచుల మీదా, చక్రాల మీదా, పట్టాల పక్క కంకర మీదా అంతటా ఎర్రటి దుమ్మే. పిల్లలు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో తప్పిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా గనుల ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకు పంపడానికే, ఆ దేశం సహకారంతో 1960ల్లో ఈ లైను వేశారు. ఆ ఖనిజాన్ని మోసుకెళ్ళే పెద్ద ఓడల కోసమే 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చింది. సొరంగాలు, లోయలు చూసి కేకలేసే మనలాంటి వాళ్ళు అప్పుడెవరి లెక్కలోనూ లేరు. ఇప్పటికీ గూడ్సుకి దారిచ్చి ఆగేది మన బండే!

బొర్రా గుహల గురించి అందరూ రాసిందే, మెట్లూ కోతులూ ఎక్కువ. అరకులో మాత్రం ఓ కొట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. కొట్టామె నిప్పుల్లోంచి వెదురు బొంగు తీసి, మూతికి కుక్కిన ఆకు లాగి, కోడిముక్కల్ని విస్తరాకులోకి గుమ్మరించింది. ఆవిరితో పాటు పచ్చి వెదురు వాసన గుప్పుమంది. పక్కనే కాఫీ పొడి ప్యాకెట్లు. రేటు పెరిగిందేమిటమ్మా అంటే, "గింజే పెరిగిపోనాది బాబూ" అంది. నిజమే. బ్రెజిల్‌లో వానలు ముఖం చాటేస్తే 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ అప్పటిదాకా ఎన్నడూ లేని ధర పలికింది. ఆ సెగ ఈ కొండ మీది కొట్టుకీ తగిలింది. గింజ పండించే గిరిజనుడికి అది మంచి కబురే, కొనేవాడికే చురక.

విశాఖ దిగాక యారాడ బీచ్‌కి వెళ్తూ దూరం నుంచి క్రూయిజ్ టెర్మినల్, అంటే విహార ఓడలు ఆగే చోటు, చూశాం. 2023లో ప్రారంభించారు. మేం చూసినప్పుడు ఓడేదీ లేదు. డబ్బుకి ఇబ్బందైతే జనం ముందు మానుకునేది ఇలాంటి విలాస యాత్రలే కాబట్టి, విదేశీ ఓడల మీదే ఆశ పెట్టుకుంటే కష్టం. ఊరికి ఆసరా మన రైలెక్కి వచ్చేవాళ్ళే అనిపించింది. 2008 మాంద్యం తర్వాతి ఏడాది ప్రపంచంలో విదేశీ ప్రయాణికులు తగ్గింది 4 శాతమే. 2020లో కరోనా దారులన్నీ మూసేస్తే 70 శాతానికి పైగా తగ్గిపోయారు. చేతిలో డబ్బు తగ్గితే మనిషి తిరగడం మానడు, దగ్గరి ఊరు చూసుకుంటాడు.

అలాగని అందరికీ బాగుందనుకోకూడదు. మా కారు డ్రైవరు గోడు వేరు. "రొయ్యల కంపెనీలకి ఫారిన్ బయ్యర్లు ఒచ్చీవోరు బాబూ. ఎయిర్‌పోర్టు నుంచి బీచ్ రోడ్డు హోటలుకి, ఆడ్నించి ఫ్యాక్టరీకి రోజంతా బండి నాదే. అమెరికావోడు పన్నేసినాక ఆల్ల రాకే తగ్గిపోనాది." 2025 ఆగస్టు ఆఖర్లో మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతమైంది. మామూలు హోటలు గదుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగి హోటలు బిల్లులో మాకు కాస్త మిగిలిందిగానీ, ఇతనికి దాంతో ఒరిగిందేమీ లేదు.

మర్నాడు సింహాచలం, భీమిలి తిప్పడానికి ఎంతంటే చెప్పాడు. కాస్త తగ్గించవయ్యా అన్నాను.

"బెంగాలీవోళ్ళకి సెప్పిన రేటే సెప్పినాను బాబూ. ఆళ్ళు ఒప్పేసుకున్నారు" అన్నాడు.

మేమూ ఒప్పేసుకున్నాం.