గోదారి మాటలు పట్టుకుని పుస్తకం వెతకడం

లంక ఊళ్ళ (గోదావరి పాయల మధ్య దీవుల్లోని ఊళ్ళ) కథలు కావాలనుకునే అమలాపురం పాఠకుడికి గుడ్‌రీడ్స్ లాంటి ఆప్ పెద్దగా అక్కరకు రాదు. పుస్తకాలు సూచించేటప్పుడు అది ప్రధానంగా చేసేది ఇది: మీకు నచ్చినవే నచ్చిన ఇతర పాఠకులను పట్టుకుని, వాళ్ళు మెచ్చుకున్న వాటిలో మీరు చదవనివి చూపిస్తుంది. ఇంగ్లీషు నవలకు రేటింగులు వేలల్లో ఉంటాయి కాబట్టి లెక్క కుదురుతుంది. మన కథాసంపుటాలు చాలావాటికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అవి కూడా ఒకచోట ఉండవు. ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులతో ఎక్కి ఉంటుంది. వాడితే మాత్రం ఎక్కువ రేటింగులున్న నమోదుకే మీవీ ఇవ్వండి. అన్నిటికీ ఐదు నక్షత్రాలు వేస్తే దానికేమీ తెలియదు. నచ్చనివాటికి ఒకటో రెండో వేయడం చాలా ముఖ్యం.

మన ప్రాంతపు పుస్తకాలకు మాటలతో వెతకడమే మేలు. బోదె, పుంత, ఏటిగట్టు, రేవు, పంటు, కొబ్బరి దింపు: వీటిని ఏ ఆప్ ట్యాగులుగా పెట్టదు, కథలో మాత్రం ఉంటాయి. పుస్తకాలను ఉచితంగా చదువుకోనిచ్చే తెలుగు వికీసోర్స్ వెబ్‌సైటులో పుస్తకాల లోపలి పాఠం కూడా వెతకొచ్చు. వెతికే చోట్లు ఎంచుకునే పెట్టెలో 'పుట' కూడా చేర్చండి.

ఉత్త 'రేవు' అని కొడితే రేవులో, రేవుకి అన్నవి తప్పిపోవచ్చు. చివర నక్షత్రం గుర్తు పెట్టి 'రేవు*' అనండి. మాట మొదలే మారితే ఇదీ పనిచేయదు: 'ఏరు*' అంటే ఏటిగట్టు రాదు, 'ఏటి*' అని విడిగా వెతకాలి. 'లంక*' అంటే రామాయణం వచ్చి మీద పడుతుంది. 'లంక* గోదావరి* -రావణ*' అని రాస్తే రావణుడున్న పుటలు తొలగి, ఫలితాలు చాలావరకు మన లంకల దగ్గరికొస్తాయి. గోదారి అని మరోసారి వెతకాలి, మాట్లాడే భాషలో రాసినవాళ్ళు అలాగే రాస్తారు.

అసలు తిప్పలు పాత అచ్చుతో. తోటను 'తోఁట' అని అరసున్నాతో, వరదను 'వఱద' అని బండిరతో వేసేవారు. కొత్త స్పెల్లింగుతో వెతికితే అవి కనపడవు. కాబట్టి ప్రతి మాటకూ రెండు రూపాలూ ప్రయత్నించండి.

వికీసోర్స్‌లో ఎక్కువగా దొరికేవి కాపీహక్కు తీరినవే. మన దేశంలో అది రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళు. 1961లో కన్నుమూసిన కథకుడు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారు బతికుండగా అచ్చైన రచనలు 2022 నుంచి అందరివీ. గోదావరి సీమ నుడికారం కోసం వెతికేవారు ఆయనతో మొదలుపెట్టడం మంచిది.

ఆర్కైవ్.ఆర్గ్ అనే ఉచిత వెబ్‌సైటులో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రాజెక్టు కింద స్కాన్ చేసిన పాత పుస్తకాలు బోలెడు. కానీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు: దీర్ఘానికి ఒక 'ఎ' బదులు రెండు, 'ఎస్' బదులు 'ఎస్‌హెచ్'. పుస్తకం పేరు పొడుగ్గా కొట్టకుండా, రచయిత ఇంటిపేరును మూడు నాలుగు రకాలుగా రాసి, భాషను తెలుగుకు కుదించి చూడండి.

చాట్‌జీపీటీ లాంటివాటిని పుస్తకాల పేర్లడిగితే జాగ్రత్త. నిజమైన రచయితకు లేని నవల అంటగడతాయి. తెలుగులో ఇది మరీ ఎక్కువ. వాటితో చేయించుకోదగ్గ పని వేరే ఉంది: మీకు నచ్చిన కథలోంచి ఒక పేజీ ఇచ్చి, ఇందులో ఊరికీ పనికీ సంబంధించిన మాటలు విడదీయమనండి. ఆ జాబితా తీసుకుని వికీసోర్స్‌కి వెళ్ళండి. చాట్‌జీపీటీ చెప్పిన పుస్తకమే కొనాలంటే ప్రచురణ సంస్థ, అచ్చైన సంవత్సరం ఏదో ఒక గ్రంథాలయ కేటలాగులో కనపడేదాకా డబ్బు పంపకండి.